కంట్రోల్ + క్యూ పొరపాటున నొక్కి టైప్ చేసిందంతా పోకుండా ఉండాలంటే?

కంట్రోల్ + డబ్ల్యూతో ఒక ట్యాబ్ మూయబోతే, వేలు పక్కనున్న క్యూ మీద పడి బ్రౌజర్ మొత్తం మూసుకుపోతోందని, సగం నింపిన ఫారం పోయిందని అడిగారు. నాకూ ఇదే జరిగింది. నాది లైనక్స్‌లో ఫైర్‌ఫాక్స్. ముప్పావు గంట కూర్చుని ఒక దరఖాస్తు నింపాను. ఎందుకైనా మంచిదని కాపీ చేసి పెట్టుకుందామని, అంతా సెలెక్ట్ చేసే కంట్రోల్ + ఏ కొట్టబోయాను. ఏ నెత్తినే క్యూ ఉంటుంది కదా! పాత సెషన్ మళ్లీ తెరిస్తే పేజీ వచ్చింది గానీ గళ్లన్నీ ఖాళీ.

జాగ్రత్తగా నొక్కమనే సలహా నాకైతే రెండు రోజులే పనిచేసింది. ఆ షార్ట్‌కట్‌నే చంపేయండి. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్‌లో అబౌట్:కాన్ఫిగ్ (about:config) అని కొట్టి తెరిచి, బ్రౌజర్.క్విట్‌షార్ట్‌కట్.డిసేబుల్డ్ (browser.quitShortcut.disabled) అనే సెట్టింగ్‌ను ట్రూ చేస్తే చాలు. మ్యాక్‌లో క్రోమ్ వాడేవాళ్లకు క్రోమ్ మెనూలోనే 'వార్న్ బిఫోర్ క్విటింగ్' ఉంది, టిక్ పెట్టుకోండి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్ ఉచితమే. అందులోని కీబోర్డ్ మేనేజర్‌తో ఫలానా షార్ట్‌కట్ ఫలానా ప్రోగ్రామ్‌లో పనిచేయకుండా ఆపేయొచ్చు.

నిజానికి మూసుకుపోవడం కంటే నాకు ఎక్కువ భయం కంట్రోల్ + ఏ అంటేనే. వర్డ్ లాంటివి మూసేముందు సేవ్ చేయాలా అని ఒక మాట అడుగుతాయి. అంతా సెలెక్ట్ అయి ఉన్నప్పుడు ఒక్క అక్షరం పడితే మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఒకసారి కాపీ చేయబోతుంటే కంట్రోల్ మీద వేలు ఒక క్షణం ముందే లేచింది. 40 పేజీల డాక్యుమెంటు పోయి, తెర మీద ఒంటరిగా ఒక 'సి' మిగిలింది.

అప్పుడు టెన్షన్‌లో ఇంకేదో నొక్కుతాం చూడండి, అసలు నష్టం అక్కడ. ముందు చేతులు కీబోర్డు మీంచి తీసేయండి. ఫైల్ మూయకండి. సేవ్ అసలే కొట్టకండి. తర్వాత, చేసినదాన్ని వెనక్కి తీసే (అన్‌డూ) కంట్రోల్ + జెడ్ ఒక్కసారి నొక్కి, ఆగి చూడండి. నేను ఆగకుండా టకటకా కొట్టేసి చాలా వెనక్కి వెళ్లిపోయాను. అక్కడైనా వెనక్కి తీసినదాన్ని మళ్లీ తెచ్చే (రీడూ) కంట్రోల్ + వై కొట్టి ముందుకు వచ్చి ఉంటే సరిపోయేది. ఈలోపు స్పేస్‌బార్ తగిలింది. అన్‌డూ తర్వాత కొత్తగా ఏ ఒక్కటి టైప్ చేసినా రీడూ దారి మూసుకుపోతుంది. ఆ రోజు పొద్దున్నుంచి రాసిందంతా అలాగే పోయింది. గూగుల్ డాక్స్‌లో అయితే వెర్షన్ హిస్టరీలో పాత కాపీ దొరికేది.

పెద్ద ఫారాలు ఇప్పుడు నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో రాసి, సేవ్ చేశాకే అతికిస్తున్నాను. విండోస్ 10, 11లో విండోస్ + వి నొక్కి క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్ చేసుకుంటే కాపీ చేసినవి 25 దాకా ఉంటాయి. రీస్టార్ట్ చేస్తే మాత్రం పిన్ చేసినవే మిగులుతాయి.

షిఫ్ట్ + డిలీట్ సంగతి వేరు, అది రీసైకిల్ బిన్‌కు కూడా పంపదు. ఫైళ్లు తీసేయడానికి నేనిప్పుడు మౌస్ తప్ప ఏదీ ముట్టుకోను. ఇక పాత అక్షరాలను తినేస్తూ పోయే ఇన్సర్ట్ కీ అంటారా, దాని టోపీ పీకి డ్రాయర్‌లో పడేశాను.