బరంపురం నుంచి గోల్ఫ్ పాఠానికి వెళ్తున్న మేనకోడలికి

చి. మేనకోడలికి,

పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. వచ్చే నెల విశాఖ వెళ్ళి గోల్ఫ్ కోచ్ దగ్గర విడిగా ఒక గంట పాఠం తీసుకుంటానని, క్లబ్ కర్ర ఊపే స్వింగూ, గుంతలోకి బంతి దొర్లించే పట్టింగూ రెండూ బాగుపడాలని రాశావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, మిగతా సగం మీ అమ్మ మధ్యలో ఫోన్ లాక్కోవడంతో పోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చూసుకో. నువ్వుండేది బరంపురంలో, కోచ్ ఉండేది విశాఖలో. మధ్యలో ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం. రైల్లో నాలుగు గంటల పైమాటే. బెంగళూరు వాళ్ళలా శనివారం నేర్చుకున్నది ఆదివారం మర్చిపోయి, సోమవారం మళ్ళీ వెళ్ళి దిద్దించుకోవడం నీకు కుదరదు. కాబట్టి ఆ గంటలో నేర్చుకునేది తర్వాత నెల రోజులు ఇంట్లో, డాబా మీద, కోచ్ లేకుండా నీ అంతట నువ్వు సాధన చేయగలిగినదై ఉండాలి. పాఠం ఎలా అడగాలో, దేనికి ఎంత సమయం ఇవ్వాలో ఈ లెక్కే చెబుతుంది.

దాని ప్రకారం నా మొదటి సలహా: గంటలో సగం పట్టింగ్‌కి కావాలని బుక్ చేసుకునేటప్పుడే చెప్పు. చెప్పకపోతే కోచ్ నిన్ను నేరుగా దూరపు దెబ్బలు సాధన చేసే రేంజ్‌కి తీసుకెళ్తాడు, బంతులు కొట్టిస్తాడు, చివరి ఐదు నిమిషాల్లో పట్టింగ్ చూద్దామంటాడు. అందులో ఆయన తప్పేం లేదు, వచ్చినవాళ్ళందరూ బంతిని బాగా దూరం కొట్టే డ్రైవర్ క్లబ్‌తో దూరం పెంచమనే అడుగుతారు. కానీ 72 పార్ ఉన్న కోర్సులో, అంటే 18 గుంతలూ 72 దెబ్బల్లో ముగించాలని లెక్క కట్టిన చోట, ఒక్కో గ్రీన్‌కి, అంటే గుంత చుట్టూ నున్నగా ఉండే గడ్డికి, రెండు చొప్పున 36 పట్‌లు లెక్కలోనే కలిసి ఉంటాయి. అంటే సగం ఆట గ్రీన్ మీదే. పైగా పట్టింగ్ ఇంటి హాల్లో సాధన చేయొచ్చు. డ్రైవర్ అలా కాదు, కిటికీ అద్దం పోతుంది.

మన గోల్ఫర్ అదితి అశోక్‌ని చూడు. టోక్యో ఒలింపిక్స్‌లో, అవి జరిగింది 2021లో, ఆ అమ్మాయి డ్రైవ్‌లు చాలామంది కంటే పొట్టిగా పడేవి. అయినా పట్టింగ్‌తో చివరి రోజు దాకా పతకం పోటీలో నిలబడి, ఒకే ఒక్క స్ట్రోక్, అంటే ఒక్క దెబ్బ తేడాతో నాలుగో స్థానంలో ఆగింది. దూరం లేదని నువ్వు కుమిలిపోతున్నట్టు నీ మెసేజ్‌లో కనిపించింది, అందుకే గుర్తు చేశాను.

కోచ్ సంగతి. నేషనల్ గోల్ఫ్ అకాడెమీ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉందా అని అడుగు. అడగడంలో మొహమాటం వద్దు. సర్టిఫికెట్ లేకపోయినా మంచి గురువులుంటారు, ముఖ్యంగా ఆటగాళ్ళ సంచి మోసే క్యాడీలుగా మొదలై పైకొచ్చినవాళ్ళు. అలాంటివాళ్ళ దగ్గరకు వెళ్ళేముందు వాళ్ళ శిష్యులెవరితోనైనా ఒక మాట మాట్లాడు. ఫీజు ఎంత, అందులో రేంజ్ బంతులు కలిసున్నాయా, క్లబ్బుకి గెస్ట్ ఫీజు విడిగా కట్టాలా, ఇవన్నీ ముందే తేల్చుకో. విశాఖలో ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్ లాంటి క్లబ్బులు సభ్యుల కోసం నడిచేవి. నేరుగా గేటు దగ్గర దిగితే లోపలికి పంపుతారనుకోకు, బయటివాళ్ళను ఏ పద్ధతిలో రానిస్తారో ఫోన్ చేసి కనుక్కో. కాలర్ ఉన్న టీషర్టు వేసుకో. పది పాఠాల ప్యాకేజీ అంటే తొందరపడి డబ్బు కట్టకు. ఒకటి అయ్యాక ఆయన చెప్పేది నీకు బుర్రకెక్కుతోందో లేదో చూసుకుని అప్పుడు ఆలోచించు.

ఇంకొకటి, ఇది మేనకోడలివి కాబట్టి చెబుతున్నాను. క్లబ్ పట్టుకునే గ్రిప్పూ నడుమూ సరిచేయడానికి కోచ్ చెయ్యి వెయ్యాల్సి రావచ్చు. మంచి కోచ్ ముందు అడుగుతాడు. అడక్కపోతే, "నోటితో చెప్పండి, లేదా మీరు చేసి చూపించండి, నేను చేస్తాను" అని మొదట్లోనే చెప్పెయ్. ఈ కాలంలో వీడియో తీసి చూపిస్తే చాలు, చాలావరకు పని జరిగిపోతుంది.

ముందు రోజు సాయంత్రమే విశాఖ చేరుకో. తెల్లారి రైలు దిగి నేరుగా రేంజ్‌కి వెళ్తే నడుము పట్టేసి ఉంటుంది, కోచ్ చూసేది నీ స్వింగ్‌ని కాదు, నీ బెర్త్‌ని. విజయనగరంలో మీ పిన్ని ఇల్లుంది కదా, అక్కడ పడుకున్నా సరే. పొద్దున్న మొదటి స్లాట్ అడుగు. సముద్రపు ఊరు, ఎండ ఎక్కిందంటే ఉక్కపోతకి అరచేతులు తడిసి క్లబ్ జారుతుంది. గ్లవ్ ఇంకొకటి, చిన్న తువ్వాలు, నీళ్ళు పెట్టుకో. పావుగంట ముందే వెళ్ళి ఒళ్ళు వేడెక్కించుకో, లేకపోతే డబ్బిచ్చి కొనుక్కున్న సమయం వార్మప్‌కే పోతుంది.

ఇక అసలు పాఠం. కోచ్ మొదట "ఏం కావాలి?" అని అడుగుతాడు. "స్వింగ్ బాగుపడాలి" అంటే అది జవాబు కాదు. డాక్టర్ దగ్గరకెళ్ళి ఒంట్లో బాగోలేదు అన్నట్టే ఉంటుంది. నీ బంతి ఎటు పోతుందో చెప్పు. కుడివైపు వంపు తిరిగిపోతోందా, నేల ముందు తగిలి బంతి దగ్గర్లోనే పడుతోందా, బంతి నెత్తి మీద తగిలి నేల మీద పాకుతోందా. ఏ క్లబ్‌తో ఎక్కువ? మణికట్టు, నడుము, మోకాలు నొప్పులు ఏవైనా ఉంటే అప్పుడే చెప్పెయ్. తర్వాత ఆయన కొట్టమన్నప్పుడు నీ మామూలు స్వింగే చూపించు. కోచ్ ముందు పరువు కాపాడుకుందామని మెల్లగా, అందంగా కొట్టేవాళ్ళు చాలామంది. దాన్ని చూసి ఆయనేం దిద్దుతాడు?

నువ్వు పంపిన వీడియో నేను చూశాను. బంతి కుడికి వంపు తిరుగుతోంది, అంటే స్లైస్. నీకు ఎవరో "తల ఎత్తుతున్నావ్, అందుకే" అని చెప్పారన్నావు. రేంజ్ మీద ప్రతి వాడూ గురువే, పక్కన నిలబడి టీ తాగేవాడితో సహా. బంతి బయల్దేరే దిక్కు ప్రధానంగా తగిలే క్షణంలో క్లబ్ ముఖం, అంటే బంతికి తగిలే వైపు, ఎటు చూస్తోందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ తర్వాత వంపు తిరగడం, క్లబ్ వెళ్ళే దారికీ ముఖం చూసే దిక్కుకీ ఉన్న తేడా వల్ల. దారి కంటే ముఖం కుడికి తెరుచుకుని ఉంటే నీలా కుడిచేతి వాటం ఆటగాళ్ళకు బంతి కుడికి వంగుతుంది. ఇందులో తలకి పెద్దగా పని లేదు.

ముఖం తెరుచుకోవడానికి చాలాసార్లు కారణం గ్రిప్పే. క్లబ్ పట్టుకుని పైనుంచి నీ ఎడమచెయ్యి చూడు. రెండు కణుపులు కనబడాలి. బొటనవేలూ చూపుడువేలూ కలిసే చోట గీత నీ కుడి భుజం వైపు చూడాలి. వీడియోలో నీకు ఒక్క కణుపే కనిపిస్తోంది. అయినా నువ్వే మార్చేసుకుని వెళ్ళకు, కోచ్‌కి చూపించి అడుగు. ఎందుకంటే గ్రిప్ మారిస్తే మొదట అంతా పాడైనట్టే ఉంటుంది, చెయ్యి నీది కానట్టు ఉంటుంది. ఆ ఇబ్బంది సరైనదో కాదో చూసి చెప్పే మనిషి పక్కన ఉన్నప్పుడే మార్చుకోవాలి.

పాదాలు, భుజాలు ఎటు చూస్తున్నాయో కూడా అక్కడే చూపించుకో. స్లైస్ కొట్టేవాళ్ళు బంతి కుడికి పోతుందన్న భయంతో ఎడమవైపు తిరిగి నిలబడతారు, దాంతో క్లబ్ ఇంకా అడ్డంగా కోసుకుంటూ వస్తుంది, వంపు ఇంకా పెరుగుతుంది. నేల మీద ఒక క్లబ్ పడేసి దాని వెంట పాదాలు పెట్టుకోవడం ఇంట్లోనూ చేయొచ్చు.

రేంజ్‌లో రబ్బరు మ్యాట్ మీద కొట్టిస్తే, చివర్లో నాలుగు బంతులు గడ్డి మీద కొట్టనిమ్మని అడుగు. ఐరన్ అనే లోహపు తల క్లబ్‌తో కొట్టేటప్పుడు ముందు బంతి, తర్వాత నేల తగలాలి. మ్యాట్ మీద నేల ముందు తగిలినా క్లబ్ జారిపోయి బంతికి తగులుతుంది, తప్పు కనబడదు. గడ్డి అలా దాచిపెట్టదు.

స్వింగ్‌లో ఒక్క మార్పు చాలు. కోచ్ ఉత్సాహపడి నాలుగు చెబితే, "వీటిలో ఇంట్లో నేను చేయాల్సింది ఏది?" అని నిలదీసి ఒకటి తీసుకో. ఆ తర్వాత రెండో ప్రశ్న: "మీరు లేనప్పుడు సరిగ్గా చేస్తున్నానో లేదో నాకెలా తెలుస్తుంది?" దీనికి జవాబు రాబట్టకుండా కదలకు.

ఇప్పుడు పట్టింగ్. నేను నేర్చుకుంది కంటోన్మెంట్ కోర్సులో, అక్కడ గ్రీన్‌లు లేవు, బ్రౌన్‌లే. ఇసుకలో నూనె కలిపి చదును చేస్తారు, పట్ కొట్టే ముందు దారి ఊడ్చుకోవాలి. గడ్డి వాలు, గడ్డి మొలిచిన దిక్కు అనే తలనొప్పి ఉండదు కానీ, ముఖం తిరిగితే మాత్రం ఏ నేలా క్షమించదు. లెక్క చూడు. హోల్ వెడల్పు 4.25 అంగుళాలు, అంటే మధ్య నుంచి అంచుకి రెండు అంగుళాల పైచిలుకు. పది అడుగుల పట్‌లో, పట్టింగ్‌కి వాడే క్లబ్ అయిన పట్టర్ ముఖం ఒక్క డిగ్రీ తిరిగితే బంతి దాదాపు రెండంగుళాలు పక్కకు పోతుంది. ఒక్క డిగ్రీ అంటే కంటికి ఆనదు.

అందుకే కోచ్‌ని మొదట ఈ ఒక్కటీ చూడమను: బంతి నువ్వు గురిపెట్టిన గీత మీద బయల్దేరుతోందా? గురి పెట్టడంలోనే తప్పుందా, కొట్టడంలో ఉందా? ఇవి రెండూ వేరు వేరు జబ్బులు. మనకి సూటిగా అనిపించింది నిజానికి పక్కకి చూస్తూ ఉండొచ్చు. నీ కళ్ళు బంతికి సరిగ్గా పైన ఉన్నాయా, దాటి బయటికి పోయాయా అన్నది కూడా దీనిలో భాగమే. ఇది వెనక నిలబడ్డ మనిషికి నిమిషంలో తెలుస్తుంది, నీకు ఏళ్ళు పట్టినా తెలియదు. ప్రైవేట్ పాఠానికి డబ్బు పెట్టడం నాకు సబబుగా తోచేది ఇలాంటి చోటే.

రెండోది వేగం. దూరపు పట్‌లు మూడు స్ట్రోకులు తినేది దిక్కు తప్పి కాదు, వేగం తప్పి. ముప్ఫై అడుగుల నుంచి కొట్టినప్పుడు నువ్వు ఒక అడుగు పక్కకు కొట్టవు, కానీ ఆరడుగులు ముందో వెనకో ఆపుతావు. హోల్ తప్పినా అడుగు, అడుగున్నర దాటి ఆగే వేగం అలవాటు చేసుకో. బంతి ఎంత దూరం పోవాలో అంతకు తగ్గట్టు పట్టర్‌ని వెనక్కి తీసుకెళ్ళాలి కానీ, ఒకే పొడవు తీసుకెళ్ళి ఒకసారి గుద్ది, ఒకసారి ఆపుకుని కొట్టకూడదు. గ్రీన్ మీద కోచ్‌తో ఉన్న సమయంలో పొట్టి పట్‌ల కంటే దీనికే ఎక్కువ ఇవ్వు, ఎందుకంటే నీ హాల్లో ముప్ఫై అడుగులు లేవు. వాలు చదవడం కూడా అక్కడే నేర్చుకోవాలి. హోల్ చుట్టూ నడిచి, అరికాళ్ళతో వాలు తెలుసుకోవడం చూపించమను.

పొట్టి పట్‌లు ఇంట్లో. మూడడుగుల స్టీల్ స్కేలు నేల మీద పెట్టి, దాని చివర బంతి పెట్టి స్కేలు మీదుగా దొర్లించు. ముఖం తిరిగితే బంతి మధ్యలోనే కింద పడిపోతుంది, అబద్ధం చెప్పదు. గచ్చు మీద మరీ వేగంగా పోతుంది, జంబుఖానా పరిస్తే కొంత గ్రీన్‌లా ఉంటుంది. స్వింగ్‌కి డాబా చాలు, బంతి అక్కర్లేదు. సుద్దముక్కతో గీత గీసి, కొబ్బరి పీచు మ్యాట్ వేసి, క్లబ్ ప్రతిసారీ గీత దాటాక ఒకే చోట మ్యాట్‌ని రాసుకుంటోందా అని చూసుకో. పక్క డాబా మీద ఎవరూ లేకుండా చూసుకో కూడా.

పాఠం అయిపోగానే కోచ్‌ని నీ ఫోన్లోనే, నీ స్వింగ్ చూపిస్తూ, తన నోటితో మొత్తం ఇంకోసారి చెప్పమని రికార్డు చేసుకో. చాలామంది ఒప్పుకుంటారు. రైలెక్కాక తెలుగులో నీ మాటల్లో రాసుకో. ఆయన ఇంగ్లిష్‌లో చెప్పింది అలాగే రాసుకుంటే వారం తర్వాత చూస్తే ఏ కండరానికి ఏం చెప్పాడో అర్థం కాదు. ఇంటి దగ్గర వీడియో తీసుకునేటప్పుడు ఫోన్ నీ చేతుల ఎత్తులో, ఒకసారి ఎదురుగా, ఒకసారి గురి గీత వెనక నుంచి పెట్టు. ఎత్తు మారితే స్వింగ్ మారినట్టు కనబడి లేనిపోని టెన్షన్. రెండో పాఠం మూడు నాలుగు వారాలయ్యాకే, అదే కోచ్ దగ్గర. ఈలోగా ఇంటర్నెట్లో వీడియోలు చూసి కొత్తవి కలుపుకోకు.

క్లబ్బులు ఇప్పుడే కొనకు. సెట్లో 14కి మించి ఉండకూడదని రూలు, కానీ నేర్చుకునేవాళ్ళకి అందులో సగం చాలు, అవీ కోచ్ దగ్గర అడిగి తీసుకోవచ్చు. పట్టర్ మాత్రం సొంతంది ఉండాలి, రోజూ చేతిలో ఉండేది అదే కాబట్టి. నా దగ్గర పాతదొకటి ఉంది, మీ అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తాను. 35 అంగుళాలు, నీ ఎత్తుకి ఎక్కువే అనిపిస్తోంది. విశాఖకి పట్టుకెళ్ళి ఎంత తగ్గించాలో కోచ్‌ని అడిగి, అప్పుడే కోయించు. కోసేటప్పుడు పై చివర, చేత్తో పట్టుకునే గ్రిప్ రబ్బరు తీసి కోయాలి, తల వైపు కాదు. గ్రిప్ రబ్బరు కూడా గట్టిపడిపోయింది, అది కొత్తది వేయించు, ఆ డబ్బులు నేనిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య