రాత్రి పదిన్నర తర్వాత మాత్రమే నా సమయం

ప్రశ్న: నా వయసు 38 సంవత్సరాలు. ఉద్యోగం చేస్తున్నాను. మాకు తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు ఉన్నారు. ఆఫీసు నుంచి వచ్చి, వంట, పిల్లల చదువు ముగించి అందరినీ పడుకోబెట్టేసరికి రాత్రి పదిన్నర అవుతుంది. అప్పుడు ఫోన్‌లో ఒక సిరీస్ పెట్టుకుంటాను. ఒక్క ఎపిసోడ్ చూసి పడుకుందామనుకుంటాను గానీ రెండు మూడు అయ్యేదాకా ఆపలేను. ఆ తర్వాత రీల్స్ చూస్తూ రెండింటి వరకు మేలుకునే ఉంటాను. మళ్లీ ఆరింటికి లేవాలి. పగలంతా చిరాకు, తలనొప్పి. మా వారు దీన్ని వ్యసనం అంటున్నారు. ఒకరోజు నా ఫోన్ తీసి దాచేశారు, చాలా పెద్ద గొడవ అయింది. ఆయన మాత్రం భోజనం చేస్తున్నంతసేపూ వీడియోలు చూస్తూనే ఉంటారు. పోయిన వారం మా పాప, "పొద్దున నువ్వు కోపంగా ఉంటావని నేను నీకేమీ చెప్పనమ్మా" అంది. అప్పటినుంచి నా మనసు బాగాలేదు. కానీ రోజు మొత్తంలో నాకంటూ ఉన్నది ఆ రెండు గంటలే. అవి కూడా వదులుకోవాలా?

జవాబు: అమ్మా, వ్యసనం గురించి, తలనొప్పి గురించి, భర్తతో జరిగిన గొడవ గురించి ఇంత రాసి, చివర ఒక్క వాక్యంలో మీరు అడిగిందే అసలు ప్రశ్న అని నాకనిపించింది. వదులుకోనక్కరలేదు. రోజులో కొంత సమయం ఎవరికీ జవాబు చెప్పనక్కరలేకుండా తనదిగా ఉండాలనుకోవడం తప్పు కాదు, తల్లి అయినంత మాత్రాన ఆ కోరిక పోదు. అయితే ఇప్పుడు మీరు ఆ సమయాన్ని మీ నిద్రలోంచి తీసుకుంటున్నారు. దాన్ని ఇంటి సమయంలోంచి తీసుకోవాలి. అది మీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కనుక ఈ జవాబులో సగం మీ వారికి కూడా వర్తిస్తుంది. వీలైతే ఆయన చేత చదివించండి.

ముందుగా లెక్క చూద్దాం. మీరు రెండు గంటలని రాశారు గానీ పదిన్నర నుంచి రెండింటి వరకు మూడున్నర గంటలు. ఈ తేడా మీ దృష్టికి రాకపోవడంలో ఆశ్చర్యం లేదు, ఆ చివరి గంటన్నర మీ జ్ఞాపకంలో మిగలడం లేదు. నిన్న రాత్రి చూసిన ఎపిసోడ్‌లో ఏం జరిగిందని అడిగితే మీరు చెప్పగలరు. ఆ తర్వాత చూసిన రీల్స్‌లో ఒక్క నాలుగింటిని గుర్తు చేసుకోమంటే బహుశా చెప్పలేరు. కథ చూసినంతసేపూ మీరు ఏదో పొందారు, అది నిజమైన విశ్రాంతి, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ తర్వాతి భాగంలో మీకు దక్కినది చాలా తక్కువ, మీరు చెల్లించినది మాత్రం ఎక్కువ. అందువల్ల ఈ రెండింటినీ 'ఫోన్ చూడడం' అనే ఒకే మాట కింద కలిపేసి మొత్తంగా మానేయాలనో, మొత్తంగా కాపాడుకోవాలనో అనుకోవడం మీకు మేలు చేయదు. సిరీస్ ఉంచుకోండి. రీల్స్ వదిలేయండి.

నిద్రను కావాలని వెనక్కు నెట్టే ఈ అలవాటును నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రత్యేకంగా పేరు పెట్టి అధ్యయనం చేశారు. బయటి కారణమేదీ ఆపకపోయినా, ఆలస్యమైతే రేపు ఇబ్బంది పడతామని తెలిసినా, పడుకోవలసిన వేళకు పడుకోకపోవడమే దాని లక్షణం. చైనాలో జనం దీన్నే పగ తీర్చుకునే జాగరణ అని పిలుచుకున్నారు. పగలంతా ఇతరుల చేతుల్లో ఉండిపోయిన మనిషి, తనకు అందనిదాన్ని రాత్రి వేళ లాక్కుంటున్నాడన్న భావం ఆ మాటలో ఉంది. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ పేరే గుర్తుకొచ్చింది. కాకపోతే ఆ పగ ఫలితాన్ని అనుభవిస్తున్నది తెల్లవారి ఆరింటికి లేచే మీరే, మీతోపాటు మీ పాప.

మీ వారు వాడిన వ్యసనమనే మాట గురించి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో వీడియో గేములకు సంబంధించిన రుగ్మత ఉంది గానీ, సిరీస్‌లు చూడడమనే రుగ్మత లేదు. ఆ మాట వాడడం వల్ల మీరు రోగిగా, ఆయన కాపలాదారుగా మారిపోతారు. ఫోన్ దాచడం అక్కడినుంచే వచ్చింది. పెద్దవారి చేతిలోని వస్తువును మరొక పెద్దవారు దాచడం దాంపత్యంలో చేయకూడని పని, అది ఆయన గ్రహించాలి. అలాగని ఈ పేరాను తీసుకెళ్లి వాదనలో గెలవడానికి వాడకండి. వ్యసనం కానంత మాత్రాన నష్టం లేదని కాదు.

ఆ నష్టం ఎంతో మీరు అనుకుంటున్నదానికంటే ఎక్కువేనని చెప్పక తప్పదు. పెద్దవారికి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర అవసరమని 2015లో అమెరికా నిద్ర వైద్య నిపుణులు ఏకాభిప్రాయంతో ప్రకటించారు. మీకు దొరుకుతున్నది నాలుగు గంటలు. 2003లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, రోజుకు 4 లేదా 6 గంటలు మాత్రమే నిద్రపోనిచ్చిన ఆరోగ్యవంతులను 14 రోజులపాటు పరీక్షించారు. వారి ఏకాగ్రత, చురుకుదనం రోజురోజుకూ పడిపోతూ వచ్చాయి. కానీ తాము ఎంత దెబ్బతిన్నామో వారికే సరిగా తెలియలేదు, కాస్త మత్తుగా ఉందంతే అనుకున్నారు. మీరు మీ స్వభావమనుకుంటున్న చిరాకులో చాలా భాగం నిద్ర లేమి లక్షణమని నా నమ్మకం. సెలవు రోజున పొద్దెక్కేదాకా పడుకున్నంత మాత్రాన ఆ అప్పు పూర్తిగా తీరదు. స్క్రీన్ రంగును పసుపుగా మార్చే సెట్టింగ్ కూడా పోయిన గంటలను తిరిగి ఇవ్వదు. ఈ పరిస్థితిలో పొద్దున్నే బండి నడపవలసి వస్తే దయచేసి చాలా జాగ్రత్తగా ఉండండి.

ఇక, ఒక్క ఎపిసోడ్ మూడు ఎందుకవుతోందన్న విషయానికి వస్తే, దాన్ని మీ మనోబలం లోపంగా భావించకండి. వారానికొక భాగం వచ్చే రోజుల్లో ఎంత ఆసక్తి ఉన్నా ఆగక తప్పేది కాదు. 2013 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ తన సొంత సిరీస్ ఒకదానిలోని 13 భాగాలనూ ఒకేరోజు విడుదల చేసింది. వరుసగా చూసేయడం ఆ తర్వాత మామూలైపోయింది. ఒక భాగం ముగియగానే తర్వాతిది దానంతటదే మొదలయ్యే ఏర్పాటు వల్ల, చూడాలన్న నిర్ణయం మీరు తీసుకోనక్కరలేదు, ఆపాలన్న నిర్ణయమే తీసుకోవలసి వస్తుంది. 2017లో ఆ సంస్థ అధినేత రీడ్ హేస్టింగ్స్ తమకు నిద్రే పోటీదారు అన్న అర్థంలో బహిరంగంగానే మాట్లాడారు. రీల్స్‌కు అడుగు అనేదే ఉండదు. పేజీ ఎక్కడా ముగియకుండా జారుతూ ఉండే పద్ధతిని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాతి కాలంలో అందుకు బాధపడ్డారు. పైగా తర్వాత వచ్చేది బాగుంటుందో లేదో ముందుగా తెలియకపోవడమే వేలిని కదిలిస్తూ ఉంటుంది. ఎప్పుడు గింజ పడుతుందో తెలియనప్పుడు పావురాలు మీటను విడవకుండా పొడుస్తూనే ఉంటాయని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాల క్రితమే చూపించారు. అర్ధరాత్రి అలసిన మెదడుతో వీటన్నిటితో పోరాడి గెలవాలని పంతం పట్టవద్దు.

పోరాటాన్నే తప్పించండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఆటోప్లేను ఆపేయండి. పడకగదిలో ఫోన్‌తో కాకుండా ముందుగదిలో టీవీలో చూడండి, ఫోన్ ఛార్జర్‌ను కూడా ఆ గదిలోనే ఉంచండి, పొద్దున లేవడానికి విడిగా ఒక అలారం గడియారం కొనుక్కోండి. మరొక చిన్న ఉపాయం చాలామందికి పనికొస్తుంది. ఎపిసోడ్ చివరి నిమిషాలను ఉత్కంఠ మీద ఆపేలా రాస్తారు కనుక అక్కడ లేవడం అన్నిటికంటే కష్టం. మధ్యలో ఒక సన్నివేశం సద్దుమణిగిన చోట ఆపి లేవడం ఎంతో తేలిక. మొదట్లో వింతగా అనిపించినా ప్రయత్నించి చూడండి.

కానీ ఇవన్నీ చేసినా ఒక లెక్క మిగిలిపోతుంది. ఆరింటికి లేచే మనిషి ఏడు గంటలు నిద్రపోవాలంటే పదకొండుకు పడుకోవాలి. మీ పని ముగిసేదే పదిన్నరకు. అంటే మీకోసం మిగిలేది అరగంట. ఆ అరగంటతో సరిపెట్టుకోమని చెప్పడం న్యాయం కాదు, చెప్పినా మీరు నాలుగు రోజుల్లో మళ్లీ రెండింటి దాకా మేలుకుంటారు. కాబట్టి పదిన్నరకు ముగుస్తున్న పని ముందుగా ముగియాలి, లేదా అందులో కొంత మీ చేతుల్లోంచి వెళ్లాలి. మీ ఉత్తరంలో వంట, పిల్లల చదువు, పడుకోబెట్టడం అన్నీ మీ పనులుగానే కనిపించాయి. ఆ సమయంలో మీ వారు ఏం చేస్తుంటారో మీరు రాయలేదు.

ఈ మాట ఆయనతో రాత్రి వేళ, ఫోన్ చేతిలో ఉండగా ఎత్తకండి. సెలవు రోజు పగటిపూట, పిల్లలు ఆడుకుంటున్నప్పుడు చెప్పండి. భోజనం దగ్గర ఆయన చూసే వీడియోలను సాక్ష్యంగా తేవద్దు, తెస్తే మాట అక్కడే తెగిపోతుంది. "వారంలో నాలుగు రోజులు సాయంత్రం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఇల్లు, పిల్లలు మీరు చూసుకోండి, ఆ గంట నాది. నేను పదకొండుకు పడుకుంటాను" అని సూటిగా అడగండి. అది ఆయన మీకు చేసే సాయంగా కాకుండా ఇంటిలో ఆయన వాటాగా ఉండాలి. అలాంటి గంటే ఆయనకు కూడా మిగతా రోజుల్లో ఇవ్వండి, ఆయన అలసట కూడా నిజమే. కుదరదంటే గొడవ పెంచకుండా, ఇద్దరూ ఒక వారం పాటు ఎవరు ఏ పని ఎంతసేపు చేశారో కాగితం మీద రాయండి. ఆ కాగితం మాటలకంటే బాగా చెబుతుంది. భోజనం దగ్గర ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండకూడదన్న నియమం మాత్రం ఈ ఏర్పాటు కుదిరిన తర్వాత, ఇద్దరికీ సమానంగా పెట్టుకోండి.

పాపకు పెద్ద వాగ్దానాలు చేయవద్దు. ఇకనుంచి ఫోనే చూడనని మీరంటే పిల్లలు లెక్కపెడతారు. నీ మీద కోపం కాదు, రాత్రి సరిగా పడుకోక అలా ఉంటున్నాను, సరిచేసుకుంటున్నాను అని చెబితే చాలు. ఏమీ చెప్పనంటూనే ఆ పిల్ల ఆ మాట మీతోనే చెప్పింది, అది మరచిపోకండి. కొన్నాళ్లపాటు పొద్దుటి హడావుడిలో కాకుండా సాయంత్రం మీరే వెళ్లి తన పక్కన కూర్చుని అడగండి.

మొదటి వారంలోనే పదకొండుకు నిద్ర పట్టదు, రెండింటికి అలవాటు పడిన శరీరం మొండికేస్తుంది. మూడు నాలుగు రోజులకొకసారి ఇరవై నిమిషాల చొప్పున ముందుకు జరపండి. కొత్త అలవాటు కుదరడానికి పట్టే కాలాన్ని లండన్‌లో పరిశీలించినప్పుడు సగటున 66 రోజులు తేలింది, కొందరికి 18 రోజులే పట్టగా మరికొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. ఒక రాత్రి మళ్లీ రెండయిందని అంతా పోయిందనుకోవద్దు. అయితే కొన్ని వారాల తర్వాత కూడా నిద్ర పట్టకపోతే, లేదా ఇష్టమైన సిరీస్ మీద కూడా ఆసక్తి పోయి మనసు దిగులుగా ఉంటే, ఆ దిగులును కప్పుకోవడానికే స్క్రీన్ వాడుతున్నారేమో చూడాలి. అప్పుడు తప్పకుండా వైద్యులను కలవండి.

ఇప్పుడు చూస్తున్న సిరీస్‌ను మధ్యలో ఆపేయకండి. మిగిలిన భాగాలను సాయంత్రం ఎనిమిదిన్నరకు, పిల్లల గదిలో మీ వారు ఉన్నప్పుడు, తలుపు వేసుకుని, కాళ్లు చాపుకుని, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా చూడండి.