కుర్రాళ్ల ఆట చూడబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆఫీసులో, జట్టుకి హైస్కూల్ కుర్రాళ్లను వెతికిపెట్టే రిక్రూటింగ్ అసిస్టెంట్‌గా చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇదీ ఒక ఉద్యోగమేనా అని ఆవిడకి కొంచెం టెన్షన్. ఉద్యోగమే, అదీ చాలా బాధ్యతున్న ఉద్యోగమని చెప్పాను. టెక్సస్ హైస్కూల్లో లెక్కలు చెబుతూ, హైస్కూల్ మ్యాచ్‌లు జరిగే శుక్రవారం రాత్రుళ్లు స్టేడియంలో గడుపుతూ, ఆ తర్వాత ఒక చిన్న కాలేజీకి కుర్రాళ్లను చూసిపెట్టిన వాణ్ని కాబట్టి, నాకు తెలిసినంత రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

పదహారు, పదిహేడేళ్ల పిల్లవాణ్ని చూసి, ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఎలా తయారవుతాడో చెప్పడం నీ పని. నిన్నటి మ్యాచ్‌లో ఎన్ని టచ్‌డౌన్లు చేశాడో ఎవరైనా చెబుతారు. అందుకోసం కాలేజీ నీకు జీతం ఇవ్వదు.

ఫిల్మ్ దగ్గర, అంటే మ్యాచ్ వీడియోల దగ్గర, మొదలుపెడదాం, ఎందుకంటే నీ రోజులో ఎక్కువ భాగం దానికే పోతుంది. మ్యాచ్ వీడియోలు పెట్టే హడ్ల్ అనే సైట్‌లో ప్రతి కుర్రాడికీ మూడు నిమిషాల హైలైట్ వీడియో ఉంటుంది. అందులో బాగా ఆడనివాడంటూ ఎవడూ కనపడడు, ఎందుకంటే ఏరుకుని పెట్టుకున్నది వాడే. దాన్ని చూసి ఈ పిల్లవాణ్ని ఇంకా చూడాలా వద్దా అన్నంతవరకే తేల్చుకో. చూడాలనిపిస్తే వాళ్ల కోచ్‌ని పూర్తి మ్యాచ్‌లు రెండు అడుగు. ఒకటి ఆ సీజన్‌లో గట్టి జట్టుతో ఆడింది, ఇంకొకటి ఓడిపోయింది. ఓడిన మ్యాచ్ ఇవ్వడానికి కొందరు కోచ్‌లు మొహమాటపడతారు. అయినా అడుగు.

ఆ మ్యాచ్‌లో బంతిని చూడకు, వాడి జెర్సీ నంబర్నే చూడు. బంతి అవతలి వైపు వెళ్లినప్పుడు ఏం చేస్తున్నాడు? పాస్ అందుకునే రిసీవర్ అయితే, తనకు బంతి రాదని తెలిసిన ఆటలో ఎదుటివాణ్ని అడ్డుకుంటున్నాడా, నడుస్తున్నాడా? బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ అయితే, పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే ఎదుటి జట్టు లైన్‌బ్యాకర్‌కు ఎదురెళుతున్నాడా, పక్కకు జరుగుతున్నాడా? రిసీవర్‌ని కాపలా కాసే కార్నర్‌బ్యాక్ వెనక్కి పరిగెడుతూ నడుము తిప్పే తీరు చూడు. అక్కడ ఒక అడుగు వృథా చేసేవాడు కాలేజీలో రిసీవర్‌ని అందుకోలేడు. ముందువరసలో టాకిల్ స్థానంలో ఆడే పెద్ద కుర్రాడైతే పాదాలు, మోకాళ్లు చూడు. మోకాళ్లు వంచి కదిలేవాడికి మిగతాది మన కోచ్‌లు నేర్పగలరు. నడుము దగ్గర వంగేవాణ్ని మార్చడం చాలా కష్టం. ఆట ఆఖరి పావు భాగం, నాలుగో క్వార్టర్ మాత్రం తప్పనిసరిగా చూడు. పరిచయం లేని ఊరి కుర్రాడి గురించి అంత నిజం చెప్పేది ఇంకోటి లేదు.

క్వార్టర్‌బ్యాక్ గురించి ఒక్క మాట. చేతి బలం అందరికీ కనిపిస్తుంది. నువ్వు మాత్రం ఇంటర్‌సెప్షన్ తర్వాతి డ్రైవ్ చూడు, అంటే వాడి పాస్‌ని ఎదుటివాళ్లు లాక్కున్నాక, మళ్లీ బంతి చేతికొచ్చినప్పుడు ఎలా ఆడతాడో.

ఎదురుగా ఎవరున్నారన్నదీ లెక్కలోకి తీసుకో. టెక్సస్‌లో సిక్స్ ఏ అనే అతి పెద్ద స్థాయి స్కూళ్లలో ఒక్కోదాంట్లో రెండు వేలకు పైగా పిల్లలుంటారు. పశ్చిమాన చిన్న ఊళ్లలో జట్టుకు ఆరుగురే ఆడే లీగ్ ఉంది. రెండు చోట్లా మంచి ఆటగాళ్లుంటారు, కానీ ఆ రెండు ఫిల్మ్‌లను ఒకే కొలతతో చూడకూడదు. చిన్న ఊరి కుర్రాడు మిగతావాళ్లకు అందనంత స్థాయిలో కనిపించాలి, ప్రతి ఆటలోనూ. అలా కనిపిస్తే కారు తీసుకుని వెళ్లు, ఎంత దూరమైనా సరే.

ఇక స్టార్ల సంగతి. హైస్కూల్ ఆటగాళ్లకు ర్యాంకులు కట్టే రైవల్స్, 247స్పోర్ట్స్ లాంటి వెబ్‌సైట్ల వాళ్లు ఇచ్చే స్టార్లు ఊరికే ఇచ్చేవి కావు. పైస్థాయిలో, ఐదు స్టార్ల పిల్లల విషయంలో, వాళ్ల అంచనా చాలాసార్లు నిజమవుతుంది. కానీ మనలాంటి డివిజన్ టూ, అంటే రెండో స్థాయి, కాలేజీకి ఆ పిల్లలు రారు. మనం వెతికేది రెండు స్టార్ల వాళ్లలో, అసలు స్టార్లే లేనివాళ్లలో. జె.జె. వాట్‌కి రెండే స్టార్లు. సెంట్రల్ మిషిగన్ యూనివర్సిటీలో టైట్ ఎండ్ అనే అటాకింగ్ స్థానంలో చేరి, విస్కాన్సిన్‌కి స్కాలర్‌షిప్ లేకుండా మారి, డిఫెన్స్‌లోకి వెళ్లి, హ్యూస్టన్ జట్టులో మూడుసార్లు ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. జాష్ అలెన్ కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే వ్యవసాయం ఊరి పిల్లవాడు. హైస్కూల్ అయ్యాక ఒక్క పెద్ద కాలేజీ కూడా పిలవకపోతే రీడ్లీలో జూనియర్ కాలేజీకి వెళ్లాడు, అక్కణ్ణుంచి వయోమింగ్‌కి. 2018లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏడోవాడు, 2024 సీజన్‌కి ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. ఇద్దరూ హైస్కూల్ తర్వాత ఒళ్లు పెరిగినవాళ్లే. ఆ పెరుగుదలను ముందే పసిగట్టడం నేర్చుకో. పుట్టిన తేదీ అడుగు, ఒకే క్లాసులో ఏడాది తేడా ఉన్న పిల్లలుంటారు. చేతుల పొడవు, మణికట్లు, పాదాలు చూడు. అమ్మానాన్నలు మ్యాచ్‌కి వస్తే వాళ్ల ఎత్తు చూడు.

మీ ఆఫీసులో అందరూ స్టార్లు ముందు చూసి, తర్వాత ఫిల్మ్ చూస్తారు. నువ్వు తిరగేసి చెయ్యి. నీ రిపోర్టు రాసి, తేదీ వేసి, అప్పుడు ర్యాంకింగ్స్ తెరువు. ముందే చూస్తే నీ కళ్లు వాళ్లు చెప్పిందే చూస్తాయి.

కొలతల్లో ఎవరి మాటా నమ్మకు. మ్యాచ్ ప్రోగ్రామ్ పుస్తకంలో ఆరడుగుల రెండంగుళాలని అచ్చేసిన కుర్రాడు పక్కన నిలబడితే ఆరడుగులుంటాడు. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్‌తో తీసిన నలభై గజాల పరుగు టైము ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. దానికన్నా వసంతంలో ట్రాక్ మీట్‌లకు వెళ్లు. అక్కడ ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉంటుంది, ఎవరూ దిద్దలేరు. వంద మీటర్లు 10.7 సెకన్లలో పరిగెత్తినవాడు నిజంగా వేగం ఉన్నవాడే. ముందువరసలో ఆడే లైన్‌మెన్ కోసం షాట్‌పుట్ దగ్గర నిలబడు. పన్నెండు పౌన్ల గుండును యాభై అడుగులు విసిరేవాడి తుంట్లలో బలం ఉంది. రెజ్లింగ్, బాస్కెట్‌బాల్ కూడా చూడు. ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ టెక్సస్‌లోని వైట్‌హౌస్ స్కూల్లో బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ కూడా ఆడాడు. మూడు ఆటలు ఆడే పిల్లవాణ్ని చూస్తే నాకు ఇప్పటికీ ఉత్సాహం వస్తుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం, మార్కులు. ఫిల్మ్ నచ్చగానే ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల జాబితా) తెప్పించు, ఆలస్యం చెయ్యకు. కాలేజీలో ఆడాలంటే పదహారు కోర్ కోర్సులు, అంటే ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టుల క్లాసులు, ఉండాలి. వాటి సగటు, నాలుగుకి, పైస్థాయి అయిన డివిజన్ వన్‌కి 2.3, మనకి 2.2. ఆడే అర్హతకి ఎస్‌ఏటీ, ఏసీటీ ప్రవేశ పరీక్షలు అక్కర్లేదని 2023లో తేల్చేశారు. అందుకే రోజూ క్లాసులో తెచ్చుకున్న గ్రేడ్లకు బరువు పెరిగింది. అన్ని లెక్కల క్లాసులూ కోర్ కిందికి రావు. పేరు చూసి సరిపెట్టుకోకుండా, ఆ స్కూలు ఆమోదిత జాబితాతో ఒక్కొక్కటే పోల్చి చూడు. పదో తరగతిలోనే పట్టుకుంటే సరిదిద్దే టైముంది. పన్నెండో తరగతి ఫిబ్రవరిలో తెలిస్తే పిల్లవాడి పని అయిపోయినట్టే. నువ్వు ఆ పిల్లవాణ్ని తీసుకోకపోయినా, లోటు కనిపిస్తే కౌన్సెలర్‌కి చెప్పు. అది నీ డ్యూటీలో రాసి ఉండదు, అయినా చెప్పు.

మార్కులతో మనకు ఇంకో లాభం ఉంది. డివిజన్ టూలో ఒక కాలేజీ ఫుట్‌బాల్‌కి ఇవ్వగలిగినవి ఎక్కువలో ఎక్కువ 36 స్కాలర్‌షిప్పులు. వంద మందికి పైగా ఉన్న జట్టుకి వాటిని ముక్కలు చేసి పంచాలి. బాగా చదివే కుర్రాడికి మార్కుల మీద వేరే సాయం వస్తుంది. ఫుట్‌బాల్ డబ్బు మిగులుతుంది, దాంతో ఇంకొకణ్ని తేవచ్చు. ఆట సమానంగా ఉన్న ఇద్దరిలో ఎవరని మీ కోచ్ అడిగినప్పుడు ఈ లెక్క ముందు పెట్టు.

పైగా ఇప్పుడు కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది. పెద్ద కాలేజీలు హైస్కూల్ పిల్లలకు బదులు, వేరే కాలేజీలో రెండేళ్లు ఆడి రాటుదేలినవాళ్లను తీసుకుంటున్నాయి. దానివల్ల ఒకప్పుడు మన చేతికి అందని పిల్లలు ఇప్పుడు డిసెంబరు దాకా ఆఫర్ లేకుండా ఎదురుచూస్తున్నారు. వాళ్ల పేర్లు నీ దగ్గర ముందే ఉండాలి.

స్కూలుకి వెళ్లినప్పుడు హెడ్ కోచ్‌ని కలవకుండా పిల్లవాణ్ని కలవకు. ఎప్పుడు మాట్లాడవచ్చో, ఎప్పుడు కూడదో అన్న తేదీల నిబంధనలు మీ కంప్లయన్స్ వాళ్లనే అడుగు, నా మాట మీద కూడా నడవకు. కోచ్ తర్వాత ఒక టీచర్‌తో, క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడతో, ఆఫీసులో కూర్చునే ఆవిడతో మాట్లాడు. కోచ్ తన కుర్రాణ్ని మెచ్చుకుంటాడు, అది అతని ధర్మం. మిగతావాళ్లకి ఆ అవసరం లేదు. మన ఇళ్లలో ఈ ఆట ఆడే పిల్లలు తక్కువ కాబట్టి, నిన్ను చూసి మొదట కొందరు కోచ్‌లు ఇతనికేం తెలుసు అనుకోవచ్చు. వాళ్ల కుర్రాడి ఫిల్మ్‌లో మూడో క్వార్టర్‌లో జరిగింది ఒకటి చెప్పు, కుర్చీ జరిపి కూర్చోమంటారు.

ఆఫర్ అనే మాట నీ నోటివెంట రానివ్వకు. అది హెడ్ కోచ్ అనవలసిన మాట. నువ్వు నవ్వుతూ అన్నా ఆ ఇంట్లో పండగ చేసుకుంటారు, బంధువులకి ఫోన్లు చేస్తారు. తల్లి అడిగేది ఒకటే ఉంటుంది: మేం ఎంత కట్టాలి? ఫీజు, రూము, భోజనం, పుస్తకాలు విడివిడిగా రాసి, మనం ఇచ్చేది తీసేసి, ఏడాదికి మిగిలేది ఎంతో కాగితం మీద చూపించమని మీ కోచ్‌కి చెప్పు. ఈ కాలేజీలోనే చేరతానని పిల్లవాడు సంతకం చేసే లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతి 2024లో తీసేశారు. ఇప్పుడు చేతికిచ్చే ఆర్థిక సాయం ఒప్పందమే అసలు కాగితం. సంతకం పెట్టేముందు ఇంటికి తీసుకెళ్లి చదువుకోమను.

తీసుకోవడం లేదని తేలినప్పుడు ఆ రోజే చెప్పించు. చాలా ఆఫీసుల్లో ఫోన్లు ఎత్తడం మానేస్తారు. అది నాకు ఏనాడూ నచ్చలేదు. ఆ పిల్లవాడు మనకోసం ఆగి ఇంకో కాలేజీని వదులుకోవచ్చు. ముందుగా కోచ్‌కి, తర్వాత ఇంటికి ఫోన్ వెళ్లాలి. కారణం అడిగితే నిజమే చెప్పాలి: నీ స్థానంలో మాకు ఇద్దరున్నారు, లేదా నీ వేగం మా లీగ్‌కి చాలదనుకుంటున్నాం అని. ఎక్కడ చోటుండవచ్చో తెలిస్తే ఆ కాలేజీ పేరు కూడా చెప్పండి.

రిపోర్టు పొడుగ్గా రాయకు. నువ్వు కొలిచింది, కోచ్ చెప్పింది, నువ్వు చూసింది వేర్వేరుగా రాయి. చివర్లో ఒక ప్రశ్నకి జవాబు ఇవ్వు: రెండేళ్లలో మన జట్టులో ఎవరి స్థానం ఇతను తీసుకుంటాడు? పేరు రాయలేకపోతే ఆ కుర్రాణ్ని మళ్లీ చూడు.

ఆగస్టు ఆఖర్లో సీజన్ మొదలవుతుంది. మొదటి శుక్రవారం గంట ముందే వెళ్లు, వార్మప్ నుంచీ చూడాలి. రాసిన రిపోర్టుల్లో పిల్లల పేర్లు, స్కూళ్ల పేర్లు కొట్టేసి, మీ బాస్ ఒప్పుకుంటే నాకు పంపించు. ఆదివారం కూర్చుని చదివి ఫోన్ చేస్తాను. అమ్మకి నేను మాట్లాడతాలే, ఆ సంగతి నాకొదిలెయ్.

మీ మామయ్య