నాలుగు స్లైసుల టోస్టర్ కొనేముందు గట్టు కాదు, ప్లగ్గు చూడండి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంట్లో అయిదుగురు, పొద్దున్నే స్కూలు బస్సు వేళకి రెండు స్లైసుల టోస్టర్ చాలట్లేదు. నాలుగు స్లైసులది కొంటే వంటగది గట్టు మీద పడుతుందా, కరెంటు బాగా లాగుతుందా, రోజూ వాడితే వచ్చే ఇబ్బందులేంటి?

గట్టు కొలిచే ముందు గోడ మీది ప్లగ్గులు చూడండి. రెండు స్లైసుల టోస్టర్లు మామూలుగా 700 నుంచి 900 వాట్లవి, చిన్న మూడు పిన్నుల ప్లగ్గుతోనే నడిచిపోతాయి. నాలుగు స్లైసులవి 1400 నుంచి 1800 వాట్ల దాకా ఉంటాయి. మన 230 వోల్టుల మీద 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు, 1800 అంటే దగ్గర దగ్గర ఎనిమిది. చిన్న సాకెట్ మోసేది ఆరు ఆంపియర్లే, అంటే 1380 వాట్లు. కాబట్టి దీనికి గీజరుకి పెట్టే లావు పిన్నుల పవర్ ప్లగ్ కావాలి. వంటగదిలో అలాంటివి ఒకటో రెండో ఉంటాయి, వాటిని ఫ్రిజ్జో మైక్రోవేవో ముందే పట్టేసి ఉంటుంది. అప్పుడు చాలామంది లావు పిన్నుని చిన్న సాకెట్‌లో దూర్చే కన్వర్టర్ కొనుక్కొస్తారు. అది వద్దు. మొదట్లో ఏమీ కాదు. పోనుపోను సాకెట్ లోపలి ఇత్తడి పట్టు వదులవుతుంది, ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరుగుతుంది, ఒకరోజు చేపలు మాడినట్టు వాసన వస్తుంది. చిన్న తీగల ఎక్స్‌టెన్షన్ బాక్సుదీ ఇదే కథ. పవర్ పాయింట్ ఖాళీ లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కనీసం 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగతో కొత్తది లాగించండి, టోస్టర్ ఆ తర్వాత.

కొన్న మొదటి వారంలో ఒక పరీక్ష చేయండి. వరసగా రెండు వాయిలు కాల్చి, స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడబీకి చేత్తో పట్టుకు చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. పట్టుకోలేనంత వేడిగా ఉంటే తప్పు టోస్టర్‌ది కాదు, సాకెట్ వదులుగా ఉంది. మార్పించండి.

వంటగది మొత్తం ఒకే 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) మీద ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 8.7 ఆంపియర్లు, 1500 వాట్ల కెటిల్ 6.5, ఈ టోస్టర్ ఏడెనిమిది. ఏ రెండైనా సర్దుకుంటాయి, మూడూ కలిస్తే 22 దాటుతుంది. ఎంసీబీ వెంటనే పడదు, లోపలి రేకు వేడెక్కాక పడుతుంది. అందుకే ఒకరోజు పడుతుంది, మరోరోజు పడదు, టోస్టర్‌లోనే ఏదో దోషం ఉందని అనుమానం వస్తుంది. కెటిల్ కట్టేసి టోస్టర్ వేయండి, అంతే. ఇక ఇన్వర్టర్ లైన్ జోలికి వెళ్లొద్దు. ఇళ్లలో మామూలుగా ఉండే 900 వీఏ ఇన్వర్టర్ ఈ బరువు మోయలేదు, ఓవర్‌లోడ్ అని కూతపెట్టి ఆగిపోతుంది.

కరెంటు బిల్లు గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. 1500 వాట్లు, ఒక వాయికి రెండున్నర నిమిషాలు. ఆ లెక్కన 16 వాయిలకి ఒక యూనిట్. రోజుకి రెండు వాయిలు వేసినా నెలకి నాలుగు యూనిట్లు దాటదు. 800 వాట్ల చిన్న టోస్టర్‌లో అవే ఎనిమిది స్లైసులకి నాలుగు వాయిలు వేయాలి, ఖర్చు దాదాపు అంతే. పెద్దది కొంటే మిగిలేది టైమే: పది నిమిషాల పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. వారానికి రెండుసార్లు బ్రెడ్ తినే ఇంటికి ఆ ఐదు నిమిషాల కోసం ఇంత డబ్బా ఎందుకు? ఉన్న చిన్న టోస్టర్, పక్కన ఒక పెనం చాలు. రోజూ ఒకేసారి అందరూ తినే ఇంటికైతే దీని విలువ దీనిదే.

అమెరికా నుంచి తిరిగొస్తూ అక్కడి టోస్టర్ పెట్టెలో పెట్టుకునేవాళ్లకి ఒక మాట. అది 120 వోల్టులది. ఇక్కడి 230కి తగిలిస్తే వోల్టేజీ రెట్టింపుకి కాస్త తక్కువైనా వేడి మాత్రం మూడున్నర రెట్లు దాటుతుంది. 1500 వాట్లది 5500 వాట్లు లాగబోయి, క్షణాల్లో తీగ కాలిపోతుంది లేదా ఎంసీబీ పడుతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడదామంటే 2000 వీఏది కావాలి, అది టోస్టర్ కంటే బరువు. అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రండి. బ్రిటన్, ఆస్ట్రేలియాల నుంచి తెచ్చిన దానికి ఈ గొడవ లేదు, ప్లగ్గు తల మార్పిస్తే చాలు.

ఇప్పుడు చోటు. వీటిలో రెండు ఆకారాలు. నాలుగు పొట్టి స్లాట్లున్నది చదరంగా, అటూ ఇటూ 28 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటుంది. రెండు పొడుగు స్లాట్లున్నది దాదాపు 40 పొడవు, 17 లేక 18 వెడల్పు. మన గట్లు రెండడుగుల లోతే కాబట్టి పొడుగుదాన్ని గోడ వెంట పెడితే ముందు కూరగాయలు తరగడానికి చోటు మిగులుతుంది. చదరపుదైతే మూల వెతుక్కోవాలి. ఏదైనా చుట్టూ నాలుగంగుళాలు వదలండి, పైన అల్మారా గానీ కర్టెన్ గానీ ఉండకూడదు. పొయ్యికి ఆనించి పెట్టొద్దు. పోపు ఆవిరిలోని నూనె స్లాట్లలోకి దిగి, మర్నాడు బ్రెడ్‌కి ఇంగువ వాసన పడుతుంది. తీగ కావాలనే పొట్టిగా ఇస్తారు, మీటరు లోపే ఉంటుంది. ప్లగ్ పాయింట్ ఎక్కడుంటే టోస్టర్ అక్కడే.

కొనేప్పుడు నేను మొదట చూడమనేది రెండు లీవర్లు, రెండు నాబ్‌లు. అలాంటి దానిలో ఒక జత స్లాట్లు మాత్రమే వేడెక్కుతాయి, మధ్యాహ్నం ఒక్కరికి కావాల్సి వస్తే సగం కరెంటుతో సరిపోతుంది. ఒకే లీవరున్న చవక రకాల్లో ఒక్క స్లైసుకి కూడా నాలుగు స్లాట్లూ కాలుతాయి. రెండు నాబ్‌లుంటే పిల్లలకి లేతగా, పెద్దలకి కరకరలాడేలా ఒకే వాయిలో తీయొచ్చు. స్లాట్ వెడల్పు 30 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకోండి, లేకపోతే బన్ను సగం దిగదు. కాలాక స్లైసుని ఇంకాస్త పైకెత్తే లీవరుందో లేదో కూడా చూడండి. మన బ్రెడ్ స్లైసులు చిన్నవి, అది లేకపోతే వేళ్లు కాలతాయి.

తెచ్చాక మొదటిసారి బ్రెడ్ లేకుండా, కిటికీలు తెరిచి, పెద్ద నంబరు మీద రెండు మూడుసార్లు ఖాళీగా తిప్పండి. ఫ్యాక్టరీలో అంటిన నూనె పొగగా పోతుంది. ఆ వాసనకి కంగారు పడొద్దు.

నాబ్ మీది అంకెలు నిమిషాలు అనుకుంటారు, చాలా వాటిలో కాదు. అవి ఆ టోస్టర్ సొంత కొలతలు, మీ పాత దానిలో 3 ఇందులో 3 కాకపోవచ్చు. మీ ఇంటి బ్రెడ్‌తో 3 దగ్గర మొదలుపెట్టి అరంకె చొప్పున జరపండి. బ్రెడ్ బరువులో మూడో వంతుకి పైగా నీళ్లే. పైపొరలో ఆ తడి ఆరి, వేడి 140 డిగ్రీలు దాటితే గానీ ఎరుపెక్కదు. అందుకే ఇవాళ కొన్న మెత్తటి బ్రెడ్‌కి ఎక్కువసేపు పడుతుంది, మూడు రోజుల నాటిది తొందరగా మాడుతుంది. మిల్క్ బ్రెడ్, స్వీట్ బ్రెడ్‌లలో చక్కెర ఎక్కువ, ఒక అంకె తగ్గించాలి. టూటీ ఫ్రూటీ వేసిన బ్రెడ్ అసలు వేయకపోవడమే మేలు, ఆ ముక్కలు కరిగి లోపలి తీగలకి అంటుకుంటాయి. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసినదాన్ని ఫ్రోజెన్ బటన్ నొక్కి నేరుగా వేయొచ్చు, కరిగించక్కర్లేదు.

రెండో వాయి మొదటిదానికంటే నల్లగా వస్తుంది. లోపల అప్పటికే వేడిగా ఉంటుంది మరి. మొదటి వాయి 4 మీద వేస్తే రెండోది 3 లేక 3½ మీద వేయండి. కొందరేమో మొదటి వాయి తెల్లగా వచ్చిందని రెండోదానికి అంకె పెంచుతారు, నాలుగు స్లైసులూ ఒకేసారి మాడేది అలాగే. ఒక పక్క ఎర్రగా మరో పక్క తెల్లగా వస్తుంటే, స్లైసు ఒరిగి ఉందేమో, దాన్ని నిలబెట్టే పక్క తీగలు వంగాయేమో చూడండి. ఊళ్లలో సాయంత్రం వేళ వోల్టేజీ పడిపోయే చోట ఇంకో రకం ఇబ్బంది: 180 వోల్టులుంటే 1500 వాట్ల టోస్టర్ 920 వాట్లే ఇస్తుంది. బ్రెడ్ ఎర్రబడేలోపు ఎండిపోయి రస్కు అవుతుంది.

వెన్న, నెయ్యి కాల్చాకే రాయాలి, ముందు కాదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, ఇంటికొచ్చిన చుట్టాలకీ పనిమనిషికీ కూడా చెప్పండి. ముందే రాస్తే నెయ్యి కారి ఎర్రటి తీగ మీద పడి భగ్గున అంటుకుంటుంది. నూనె పూసిన ఫ్రోజెన్ పరోటా, కూర పెట్టిన శాండ్‌విచ్ కూడా ఇదే లెక్క. అప్పడం కాల్చే ప్రయత్నం చేయొద్దు, అది వంకర తిరిగి తీగకి తగులుకుంటుంది. ఒకవేళ లోపల మంట లేస్తే నీళ్లు పోయకండి. మెయిన్ స్విచ్ కట్టేసి, కుదిరితే ప్లగ్గు లాగి, లోపల ఉన్నదాన్ని బయటికి తీయకుండా ఆరనివ్వండి. ఆరకుండా పెద్దదవుతుంటే అందరూ బయటికొచ్చి ఫైర్ వాళ్లకి 101 కొట్టండి. బన్ మస్కాకి బన్ను అడ్డంగా కోసి, కోసిన ముఖాలు కాల్చి, బయటికి తీశాకే మస్కా. డబల్ కా మీఠాకి మాత్రం ఇది మంచి సాయం. స్లైసుల్ని 2 మీద ఒకసారి వేసి, పది నిమిషాలు చల్లార్చి, మళ్లీ 2 మీద వేస్తే లోపలిదాకా గుల్లగా ఎండుతుంది. తర్వాత పెనం మీద చెంచాడు నెయ్యితో తిప్పితే చాలు, మూకుడు నిండా నూనె పెట్టి వేయించక్కర్లేదు. కట్లెట్లకి బ్రెడ్ పొడి కూడా ఇలాగే ఎండబెట్టి మిక్సీ పట్టుకోవచ్చు.

శుభ్రం చేయడంలోనే పెద్దదానికీ చిన్నదానికీ తేడా బాగా తెలుస్తుంది. నాలుగు స్లాట్ల వాటికి చాలావరకు అడుగున రెండు ట్రేలుంటాయి. వాడేవాళ్లు ముందుదాన్ని లాగి దులిపి, వెనకదాన్ని మర్చిపోతారు. నెలలు గడిచాక వచ్చే మాడు వాసన ఆ రెండో ట్రేలోదే. వారానికోసారి రెండూ దులపండి. నెలకోసారి ప్లగ్గు తీసి, బాగా చల్లారాక, పాత పేపరు మీద బోర్లించి పక్కల మీద అరచేత్తో తట్టి, అంగుళం పెయింటు బ్రష్షుతో పైనుంచి మెల్లగా ఊడ్చండి. లోపల సన్నటి నైక్రోమ్ తీగని మైకా రేకుల మీద చుట్టి ఉంటారు. మైకా అంటే గూడూరు గనులకి పేరు తెచ్చిన మన అభ్రకమే. అది వేడిని తట్టుకుంటుంది గానీ పెళుసు, గట్టి బ్రష్షుకీ చాకు మొనకీ పొరలు లేచిపోతుంది. స్లాట్లలో నీళ్లు, స్ప్రేలు వద్దు. తడిసిన బ్రెడ్ పొడి తీగకీ రేకు డబ్బాకీ మధ్య కరెంటుకి దారి ఇచ్చి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) పడుతుంది, ఎర్తింగ్ లేని ఇంట్లో అయితే ముట్టుకోగానే జిలజిల షాక్. ట్రేలు సబ్బుతో కడగొచ్చు, పూర్తిగా ఆరాకే పెట్టండి.

రాత్రిపూట బొద్దింకలకి ఈ బ్రెడ్ పొడి పండగ, కాస్త వెచ్చగా ఉంటే మరీను. అరగంట చల్లారాక బట్ట తొడుగు వేయండి. వేడి మీద వేస్తే తొడుగే అంటుకోవచ్చు. పొద్దున లీవరు నొక్కే ముందు ఒకసారి లోపలికి చూడటం అలవాటు చేసుకోండి.

ఇక పాడయ్యే తీరు. లీవరు కిందికి నొక్కితే నిలవట్లేదంటే పాడైందని కాదు. దాన్ని పట్టి ఉంచేది విద్యుదయస్కాంతం, కరెంటు లేకపోతే అది పట్టదు. స్విచ్ వేశారా, ప్లగ్గు గట్టిగా ఉందా చూడండి. అవి సరిగ్గా ఉంటే కొక్కెం కింద పొడి ఇరుక్కుని ఉంటుంది, బోర్లించి తట్టితే చాలాసార్లు బాగవుతుంది. స్లైసు ఇరుక్కుంటే స్విచ్ కట్టేయడం చాలదు. కొన్ని ఇళ్లలో స్విచ్ ఫేజుకి (కరెంటు వచ్చే తీగకి) బదులు న్యూట్రల్ (తిరిగి పోయే తీగ) మీద ఉంటుంది, స్విచ్ కట్టినా తీగలో కరెంటు ఉన్నట్టే. ప్లగ్గు ఊడబీకి, చల్లారాక, చెక్క గరిటె కాడతో తీయండి.

ఒక జత స్లాట్లు పూర్తిగా చల్లబడి, రెండోది బాగానే కాలుతుంటే ఆ పక్క తీగ ఎక్కడో తెగింది, లేదా ఆ లీవరు కాంటాక్టులు మసిబారాయి. కాంటాక్టులైతే మెకానిక్ గీకి బాగుచేస్తాడు. తీగని మెలిపెట్టి కలిపితే ఆ ముడి దగ్గరే వేడి పోగై మళ్లీ తెగుతుంది, సోల్డర్ ఆ వేడికి కరిగిపోతుంది. కాయిల్ బోర్డు మొత్తం మార్చాల్సిందే, రిపేరు షాపుల్లో పెద్ద టోస్టర్ల బోర్డులు విడిగా దొరకడం కష్టం. బిల్లు, వారంటీ కార్డు దాచుకోండి. టైము దాటినా లీవరు పైకి రాకుండా బ్రెడ్ కాలుతూనే ఉంటే మాత్రం అది ఒక్కసారి జరిగినా ప్లగ్గు తీసి పక్కన పెట్టేయండి. కాంటాక్టులు అతుక్కుపోయి ఉండొచ్చు, ఈసారికి వచ్చిందిలే అని మళ్లీ వాడొద్దు.