జ్వరమొస్తే ముందు దేశం పేరు చెప్పు

పాపకు, మామ ఆశీస్సులు.

నువ్వు ఉగాండా పోతున్న సంగతి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సగం చెప్పింది, సగం ఏడ్చింది. నేను మాత్రం ఫోన్ పెట్టేసి నేరుగా టీ అంగడికి పోయి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకొచ్చాను. వాన మొహం చూడని కళ్యాణదుర్గం పిల్ల, ఏటా రెండు వానకాలాలు వచ్చే దేశానికి పోయి వాళ్లకు చేలల్లో డ్రిప్పు వేసేది నేర్పుతుందంట అని. మన ఇంట్లో ఆడపిల్ల చేతిలో పాస్‌పోర్టు చూడడం ఇదే మొదలు. రాత్రి పడుకున్నాకే దిగులు మొదలైంది. ఆ దిగులులో నుంచి వచ్చిందే ఈ ఉత్తరం. పొడుగెక్కువైందని పక్కన పడేయొద్దు.

ముందు తిట్లు. ప్రయాణానికి వారం ముందు ఏదో ఒక సూది వేయించుకుంటానని మీ అమ్మతో అన్నావంట. వారం చాలదు. ఎల్లో ఫీవర్ టీకా వేసినట్టు ఒక పసుపు కార్డు ఇస్తారు, వేసుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు. ఉగాండాలో దిగాలంటే ఆ కార్డు చూపించాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా పెట్టే అధికారం వాళ్లకుంది. మనవాళ్లది చాదస్తం అనుకోవద్దు. ఆ రోగాన్ని మోసే దోమ మన వీధుల్లో కావలసినంత ఉంది, డెంగీ తెచ్చేది అదే కదా. ఆ వైరస్ మాత్రం ఇంతవరకు మన దేశంలో లేదు. ఒక్కరి ఒంట్లో వచ్చినా చాలు, మిగతా పని దోమలు చూసుకుంటాయి.

ఈ టీకా మామూలు ఆసుపత్రుల్లో దొరకదు, ప్రభుత్వం ఒప్పుకున్న కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వాటిలో ఒకటి. ఒక్కసారి వేసుకుంటే చాలు. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చింది. దీన్ని కోడిగుడ్లలో తయారు చేస్తారు కాబట్టి గుడ్డు పడనివాళ్లు ముందే చెప్పాలి. నీకు ఆ బాధ లేదు, ఆమ్లెట్ లేనిదే నీకు అన్నం దిగదు. కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్ల సంగతి తెలుసు కదా, ఒకచోట పూర్తిగా రాస్తారు, ఇంకోచోట ఒక్క అక్షరంతో సరిపెడతారు. కౌంటర్ దగ్గర నిలబడే సరిచూసుకోవాలి.

టైఫాయిడ్, హెపటైటిస్ ఏ, ధనుర్వాతం సూదులు ఇక్కడే వేయించుకోవచ్చు. పల్లెల్లో తిరిగే పని కాబట్టి కుక్కకాటు టీకా ముందే వేసుకోవాలా అని కూడా డాక్టరును అడుగు. సూదుల లెక్క వింటే నీ మొహం ఎట్లా పెడతావో నాకు తెలుసు. చిన్నప్పుడు నర్సమ్మ గేటు దగ్గర కనబడితే చాలు, శెనక్కాయ మూటల వెనక దూరేదానివి. నేను లోపలికి పోయి, కాళ్లు పట్టి లాగి, ఎత్తుకొని తెచ్చేవాణ్ణి. సూది నీకు గుచ్చితే నా భుజం కొరికేదానివి.

మీ అమ్మ టీవీ చూసి ఎబోలా, ఎబోలా అని జపం చేస్తోంది. 2022లో అక్కడ వచ్చిన మాట నిజమే, తర్వాతి జనవరికి అణగింది. నా భయం దాని గురించి కాదు. సర్వీసంతా ల్యాబులో గాజు పలకల మీద రక్తపు చుక్కలు చూసినవాణ్ణి, నాకు మలేరియా అంటేనే భయం.

‘మనకు దోమలు కొత్తా మామా’ అంటావు. కొత్తే. మన వైపు ఎక్కువగా కనబడేది వైవాక్స్ రకం మలేరియా, మనిషిని వణికించి వదులుతుంది. అక్కడ ఎక్కువ ఫాల్సిపేరం రకం, అది ప్రాణం మీదికి తెస్తుంది. చిన్నప్పుడు నీకొచ్చిన జ్వరం దానికి అడ్డుపడదు. మన చేదు మాత్ర క్లోరోక్విన్ అక్కడి ఫాల్సిపేరం మీద పనిచేయదు, దాన్ని సంచిలో వేసుకొని ధైర్యంగా ఉండొద్దు. రాకుండా వేసుకునే మాత్రలు వేరే ఉన్నాయి, ఏది నీకు సరిపడుతుందో డాక్టరు చెప్పాలి. డాక్సీసైక్లిన్ రాస్తే రోజూ అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకో. వేసుకున్న వెంటనే పడుకోవద్దు, గొంతు కింద మంట పట్టుకుంటుంది. దానితో ఎండకు చర్మం కమిలిపోతుంది, నీ పని చేలల్లో కాబట్టి టోపీ, పొడుగు చేతుల చొక్కా తప్పవు.

ఇప్పుడు అసలు మాట. మన పక్క ఊరి పిల్లోడొకడు, నా స్నేహితుడి కొడుకు, బోరు రిగ్గు మీద పనికి ఆఫ్రికా పోయినాడు. అక్కడ ఉన్నన్నాళ్లూ వారానికో మాత్ర తప్పకుండా వేసుకున్నాడు. బెంగళూరులో విమానం దిగిన రోజు మానేశాడు. ఇంటికొచ్చేశాం, ఇంక దేనికి అని. ఇంటికొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలని అట్ట మీద రాసే ఉంది. ఆ పురుగు ముందు కాలేయంలో దాక్కుంటుంది, రక్తంలోకి వచ్చాకే ఆ మాత్రకు చిక్కుతుంది. అందుకని చివర కుట్టిన దోమ పెట్టిపోయిన పురుగు బయటికొచ్చే దాకా మందు ఒంట్లో ఉండాలి. పిల్లోడికి పదిహేను రోజులకు జ్వరం పట్టుకుంది.

వాళ్లమ్మ దిష్టి తీసింది. తర్వాత ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకుపోయినారు. వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నాడు, సెలైన్ ఎక్కించాడు. మన వైపు ఆ పరీక్ష ఊరికే పాజిటివ్ చూపిస్తుంది, అది వేరే కథ. యాడ పనిచేస్తాడు అని డాక్టరు అడిగితే, తండ్రి బళ్లారి దగ్గర అన్నాడు. నాలుగో రోజుకు మూత్రం నల్లగా పడింది, కళ్లు పచ్చబడినాయి, మాట తేడా కొట్టింది. అప్పుడు ఆటోలో వేసుకొని, తెలిసినవాడినని నా ల్యాబుకు తెచ్చినారు.

వేలు గుచ్చి పలక మీద రక్తపూత తీశాను, రంగు వేసి, చుక్క నూనె వేసి లెన్స్ కింద పెట్టాను. ఎక్కడ జరిపినా ఉంగరాల్లాంటి మలేరియా పురుగులే. ఒక్కో ఎర్ర కణంలో రెండేసి, సన్నటి ఉంగరాలు, అంచుకు అతుక్కొని. అంత దట్టంగా నేను ఎప్పుడూ చూడలేదు. బయటికొచ్చి తండ్రిని పట్టుకొని అడిగాను, వీడు యాడికి పోయినాడు నిజం చెప్పు అని. గోడ వైపు తిరిగి, ‘ఆఫ్రికా అంటే ఊళ్లో ఎయిడ్స్ అనుకుంటారు సార్, పెళ్లి కావాల్సినోడు’ అన్నాడు.

ఒక్క మాట దాచినందుకు నాలుగు రోజులు పోయినాయి. అనంతపురం పెద్దాసుపత్రిలో మలేరియాకు ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు, డయాలసిస్, అప్పులు. బతికాడు. కిడ్నీలు తేరుకోవడానికి నెలలు పట్టింది. వాడి సంచిలో మిగిలిన మాత్రల అట్ట చూపించి, వీటిని ఏం చేయాల సార్ అని తండ్రి నన్నడిగాడు. ఏం చెప్పాలో నోట మాట రాలేదు.

వాడి విషయంలోనే అట్లా దాచినారు, ఆడపిల్లవి, నిన్ను గురించి ఎంత దాస్తారో ఊహించుకో. మీ అమ్మ మంచిదే, కానీ పెళ్లిచూపుల కాలంలో నీ జ్వరాన్ని పక్కింటికి కూడా తెలియనివ్వదు. అందుకే ఈ పేజీ ఆమెకు నువ్వే చదివి వినిపించు. ఉగాండాలో అడుగుపెట్టిన వారం తర్వాత ఎప్పుడు ఒళ్లు వెచ్చబడినా, తిరిగొచ్చి మూడు నెలలైనా, ఇంకా ఎక్కువైనా, అదే రోజు రక్తం చూపించుకో. నోరు తెరిచి మొదట చెప్పాల్సింది ‘నేను ఉగాండా నుంచి వచ్చాను’ అని. ఒకసారి నెగెటివ్ వస్తే నమ్మొద్దు, మరుసటి రోజు మళ్లీ, ఆపైన ఇంకోసారి చేయించుకో.

మలేరియా దోమ రాత్రి కుడుతుంది, వాలినప్పుడు తోక పైకెత్తి ఏటవాలుగా ఉంటుంది. మందు పట్టించిన దోమతెర పరుపు కిందికి దోపి పడుకో. పగటి దోమకు చేతులకూ కాళ్లకూ దోమల్ని తరిమే డీట్ ఉన్న క్రీము పూసుకో. తాగే నీళ్లు కాచి తాగు, ఓఆర్ఎస్ దగ్గర పెట్టుకో.

నీ పనికి ఇంకో గండం ఉంది, దానికి టీకా కూడా లేదు. మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వులో నాచు ఇరుక్కుందని ప్యాంటు మడిచి చెరువులో దిగిపోయే అలవాటు నీది. విక్టోరియా సరస్సు ఒడ్డున, అక్కడి చెరువుల్లో, కాలువల్లో బిల్హార్జియా అనే పురుగు రోగం ఉంటుంది. నత్తల్లో పెరిగిన పిల్లపురుగు నీళ్లలోకి వచ్చి, గాయం లేకున్నా చర్మం గుండా లోపలికి పోతుంది. దిగాల్సివస్తే మోకాళ్లు దాటే గమ్‌బూట్లు, వచ్చాక రెండు మూడు నెలలకు మూత్రం, మలం పరీక్ష. మందు ఉంది, భయం లేదు. మన వైపూ దిగుడు బావుల కాలంలో నీళ్లతో వచ్చే నారికురుపు ఉండేది, పురుగును పుల్లకు చుట్టి రోజుకింత లాగేవాళ్లు. మీ అవ్వ కాలి మీద ఆ మచ్చ నువ్వు చూసే ఉంటావు. మన దేశం దాన్నుంచి బయటపడిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

నవ్వుతావేమో గానీ ఇంకొకటి. అక్కడ ఒక ఈగ ఆరేసిన బట్టల మీద గుడ్లు పెడుతుంది, వాటిలో నుంచి వచ్చిన పిల్లపురుగులు చర్మంలో దూరి గడ్డ కడతాయి. తొడుక్కునే ముందు ప్రతి బట్టా ఇస్త్రీ చేసుకో, లోబట్టలు కూడా.

సోమవారం ఐపీఎంకు ఫోన్ చేసి టీకా ఏ రోజు వేస్తారో కనుక్కో, పాస్‌పోర్టు జిరాక్సు కావాలేమో అడుగు. నిన్ను ఒక్కదాన్ని పంపను, నేనూ వస్తాను. అనంతపురంలో కాచిగూడ రైలు ఎక్కితే, దిగాక నారాయణగూడ ఆటోలో దగ్గరే. టికెట్లు నువ్వే తీయి, నాకు లోయర్ బెర్త్ చూడు, మోకాళ్లు సహకరించడం లేదు. ఈసారి భుజం కొరికితే మాత్రం ఊరుకోను.

మీ మామ