కవర్ ఫొటో తీయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

పారిశుద్ధ్య కార్మికుల జీతాల మీద వచ్చే సంచికకి కవర్ తీసే పని నీకు అప్పగించారని విని చాలా సంతోషించాను. కెమెరా పట్టుకునే ముందు, ఆ కవర్ ఏం చెప్పాలో ఒక్క వాక్యంలో రాసుకో. ‘పాపం, కష్టపడుతున్నారు’ అంటే ఎవరూ కాదనరు, కాబట్టి అది వ్యాఖ్య కాదు. ‘ఫ్లెక్సీకి డబ్బులున్నాయి, ఊడ్చే మనిషికి లేవు’ అంటే వ్యాఖ్య.

చార్మినార్ జోలికి పోకు. అది వెనక కనిపిస్తే టూరిజం పోస్టర్ అయిపోతుంది. కోఠి, అఫ్జల్‌గంజ్ వైపు తెల్లారగానే వెళ్లి, పుట్టినరోజు ఫ్లెక్సీ ఉన్న కూడలి చూసుకో. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకి 35 ఎంఎం లెన్స్ పెట్టి నిలువుగా పట్టుకో. ఊడ్చే అమ్మ 3 మీటర్ల దూరంలో, ఫ్లెక్సీ ఆమెకు 2 మీటర్లు వెనక ఉంటే, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8కి చిన్నది చేస్తే రెండూ స్పష్టంగా వస్తాయి. రంధ్రం పెద్దగా తెరిచి ఎఫ్/2 పెట్టి వెనకదంతా మసక చేశావంటే నీ వ్యాఖ్యలో సగం పోయినట్టే. చీపురు కదులుతుంది కాబట్టి షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు పెట్టు, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) 1600 దాకా పెంచినా ఫరవాలేదు. ఫ్లాష్ మాత్రం వద్దు: ఆమె జాకెట్ మీది రేడియం పట్టీలు ఆ వెలుగును నేరుగా లెన్స్‌లోకి కొడతాయి, అక్కడ తెల్లటి గీతలు తప్ప ఇంకేం మిగలదు.

పై పావు వంతు పత్రిక పేరుకి వదిలెయ్. ఏ4 సైజుకి కోసేటప్పుడు ఎత్తులో దాదాపు 6 శాతం పోతుంది. చుట్టూ 3 ఎంఎం బ్లీడ్ (అచ్చయ్యాక కత్తిరించేసే అంచు) కలిపి 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 2551 × 3579 పిక్సెళ్లు కావాలి.

సీన్ మనమే అమర్చవచ్చా అంటే, అమర్చినట్టు తెలిసేలా అయితే తప్పులేదు. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్న బాక్సర్ మహమ్మద్ అలీని 1968 ఏప్రిల్‌లో అమెరికా పత్రిక ఎస్క్వైర్ కవర్ మీద ఒంటినిండా బాణాలు దిగిన క్రైస్తవ అమరుడు సెయింట్ సెబాస్టియన్‌లా నిలబెట్టారు. జార్జ్ లోయిస్ ఆలోచన, కార్ల్ ఫిషర్ ఫొటో. ఆ బాణాలు నిజమని ఎవరూ మోసపోలేదు. 1994 జూన్‌లో టైమ్ పత్రిక హత్య కేసు నిందితుడు ఓ.జె. సింప్సన్ పోలీసు ఫొటోని నల్లబరిచి వేసింది. అదే వారం న్యూస్‌వీక్ అదే ఫొటోని నల్లబరచకుండా వేయడంతో పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకి విషయం తెలిసిపోయింది. ఆ తప్పు నువ్వు చెయ్యకు.

తెలియకుండా కూడా చెయ్యకు. నాసి కాగితం మీద ఇంకు పాకుతుంది, నీడలు పూడుకుపోతాయి, చామనఛాయ ముఖం బొగ్గులా అచ్చవుతుంది. అందుకే నీడ వైపు, ఫ్రేముకి ఆనుకుని బయట, తెల్ల థర్మోకోల్ షీటు పట్టించు. కంటి కింది ముడతలు కూడా కనబడతాయి. మిషనెక్కే ముందు ఆ కాగితం మీదే ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయించు.

తీశాక ఆ అమ్మకి ఫ్లెక్సీతో సహా మొత్తం ఫ్రేము చూపించి, ఇది కవర్ మీద వస్తుందని చెప్పు. కాంట్రాక్టు ఉద్యోగం, ముఖం కనిపిస్తే పని పోవచ్చు. ఆమె ఏమాత్రం తటపటాయించినా, ఆమెను ఫ్లెక్సీ వైపు తిరగమని, వెనక నుంచి వీపు, జాకెట్, చీపురు, ఎదురుగా ఫ్లెక్సీలో నవ్వుతున్న ముఖం కనబడేలా మళ్లీ తియ్యి.

ఆశీస్సులతో,
అన్నయ్య