బాత్‌సాల్ట్ గడ్డకడుతోంది

ప్రశ్న: ఎప్సమ్ ఉప్పు (మెగ్నీషియం సల్ఫేట్), వంటసోడా, లావెండర్ నూనె కలిపి, స్నానపు నీళ్లలో వేసుకునే బాత్‌సాల్ట్ చేశాను. వారంలోనే సీసాలో రాయిలా బిగుసుకుంది. దీన్ని ఎలా అమ్మను?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సోడా మానేయండమ్మా. ఎప్సమ్ ఉప్పు స్ఫటికాల్లోనే నీరుంటుంది, సోడా తగిలితే గడ్డకడుతుంది. పైగా మన వానాకాలపు తేమ! అలాగని ఎండలో పెట్టకండి. విజయవాడలో మా మేడమీద మొదటి రెండు కిలోలు నేనలాగే ఆరబోస్తే, గాజుముక్కల్లా మెరిసేవి కాస్తా తెల్లపొడైపోయాయి. నూనె అరకిలోకు 2 మి.లీ. చాలు, మూత బిగుతుగా ఉండాలి. మన ఇళ్లలో టబ్బులెక్కడివి? కాళ్లు నానబెట్టుకునే బకెట్ కోసమని చెప్పి అమ్మండి. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి వాడాలని లేబుల్ మీద రాయండి. అన్నట్టు, అమ్మకానికి చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు తప్పనిసరి. సొంత యూనిట్ పెట్టలేకపోతే లోన్ లైసెన్సు తీసుకుని, లైసెన్సున్న వేరేవాళ్ల యూనిట్‌లో చేయించుకోవచ్చు.